గుమ్మడిబాబు గొంతు

పొందూరు దగ్గర ఒక ఊరి హైస్కూలు. బడి వదిలేశాక కంప్యూటర్ గదిలో అనూరాధ టీచరు, తొమ్మిదో తరగతి పిల్లలు యమున, గోపి.

“మూడేళ్లుగా మిమ్మల్ని ఒకటి అడగాలని ఉన్నాది టీచర్. ఆ రోజు నన్ను ఎందుకు...”

“ముందు ఈ కాగితం సంగతి చెప్పు యమునా. తర్వాత అడుగుదువు గాని. కంప్యూటర్లో సొంత ఆట తయారుచేసే ముందు మూడు ఆటలు ఆడి చూడమన్నాను. ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులు, పక్కన కారణం. రెండింటికి చక్కగా రాశావు. ఈ ‘ఆరోగ్యపురం’ ఆటకి మాత్రం సున్నా వేసి ఊరుకున్నావు. కారణం ఏదీ?”

“ఊరికినే టీచర్.”

“ఊరికినే ఎవరైనా సున్నా వేస్తారా?”

“నేను పది ఎయ్యమన్నాను టీచర్. ఇది నా మాట ఇన్లేదు.”

“నిన్ను అడగలేదు గోపీ.”

“నష్టం ఇద్దరికీ కదా టీచర్! కారణం లేని కాగితం తీసుకోనని మీరే అన్నారు. కాగితం ఇవ్వకపోతే మా ఆట మొదలెట్టనివ్వరు. మురళీమోహన్ జట్టోళ్లు అప్పుడే బొమ్మలు గీసేస్తన్నారు. మేం వానపాము ఆట సేద్దామని ఎంత అనుకున్నాం!”

“విన్నావా? వాడి బాధ వాడిది. రేపు పొద్దున్నకల్లా నాకు కాగితం కావాలి.”

“మీరు ఆడేరా టీచర్, ఆ ఆట?”

“ఆ... చూశాను గోపీ.”

“మరి గుమ్మడిబాబు ఎలాగున్నాడు! కాచిన నీళ్లు తాగాలా, గెడ్డలో పారే నీళ్లు తాగాలా అని అడుగుతాది కదా. తప్పు నొక్కితే ఈడు బొజ్జ గోక్కుంటా వస్తాడు. ‘ఏటి సెప్పినావు? నాకేటీ తెల్దు బావా! గెడ్డ నీళ్లే మా గొప్పగుంటాయి!’ ఆడి మాట ఇందామని ఎనిమిదిసార్లు కావాలనే తప్పు నొక్కేను టీచర్.”

“అంత నచ్చిందా?”

“నచ్చడమేటి! క్లాసంతా ఇప్పుడు ఆడిలాగే మాటాడతన్నారు. అదిగో, మీరూ నవ్వుతన్నారు!”

“నేనేం నవ్వలేదు. సరే, కొంచెం.”

“ఇదొక్కర్తే నవ్వదు. ఆడు నోరు తెరిస్తే సాలు, సౌండు కట్టేస్తాది.”

“ఎందుకు యమునా? వాడేం చేశాడు నిన్ను?”

“గోపీ, నువ్వు ఇప్పుడు ఎలాగ మాటాడతన్నావు?”

“నేనా? ఎలాగ మాటాడతన్నానేటి?”

“ఇలాగే. నువ్వు ‘ఏటి’ అన్నావు. గుమ్మడిబాబూ ‘ఏటి’ అంటాడు. మరి నిన్ను సూసి ఎవులూ నవ్వలేదేం?”

“నేను మనిషిని కదే. ఆడు బొమ్మ.”

“ఆటలో డాక్టరమ్మ ఎలాగ మాటాడతాది?”

“డాక్టరమ్మా? టీచర్లాగ మాటాడతాది.”

“కదా. ఆరోగ్యపురంలో అన్నీ తెలిసినోళ్లందరూ టీచర్లాగే మాటాడతారు. ఏటీ తెలీనోడు ఒక్కడే ఉన్నాడు. ఆడు మా అమ్మలాగ మాటాడతాడు.”

“అవునే... మా నాన్నలాగ కూడానే.”

“గోపీ, ఆఫీసు గదికెళ్లి తాళం తీసుకురా నాన్నా.”

“తాళం మీ చేతిలోనే ఉన్నాది టీచర్.”

“అయితే మంచినీళ్లు పట్టుకురా.”

“కాచినవా, గెడ్డవా?”

“గోపీ!”

“ఎల్తన్నాను టీచర్, ఎల్తన్నాను.”

“చూడు యమునా. ఇంత చక్కగా చెప్పావు. ఆ చెప్పిందే కారణం దగ్గర రాసెయ్యి. ఐపోతుంది.”

“రాయను టీచర్.”

“ఎందుకు రాయవు?”

“ఊరికినే.”

“మళ్లీ అదే మాట. సరే, ఏదో అడగాలన్నావుగా. అడుగు.”

“ఆరో తరగతిలో, ప్రార్థన అయిపోనాక, మంచిమాట సెప్పమని నన్ను ముందర నిలబెట్టినారు. నేను ‘ఎవులితోనైనా సల్లగా మాటాడాలి’ అన్నాను. అంతే, మీరు మైకు తీసి ధనలక్ష్మికి ఇచ్చేసినారు. ఎందుకు టీచర్?”

“నాకంత గుర్తులేదమ్మా. టైము అయిపోయి ఉంటుంది.”

“టైము ఉన్నాది టీచర్. ధనలక్ష్మి రెండు మంచిమాటలు సెప్పినాది.”

“మరి... మైకేదో గరగర్లాడి ఉంటుంది.”

“మైకు బాగానే ఉన్నాది. అందులోనే మీరు ‘నాలుక సరిచేసుకుని రా, సోమవారం చెబుదువు గాని’ అన్నారు. బడంతా నవ్వినారు.”

“అలా అన్నానా నేను?”

“నాకేటి తెల్సు? నిజంగానే నాలిక్కి ఏదో అయిపోనాదనుకున్నాను. ఆదివారం కూకొని తాటాకు బద్దతోటి గీసుకున్నాను. గీసి గీసి నెత్తురొచ్చినాది. అమ్మ సూసి కొట్టబోయి, తనే ఏడిసినాది.”

“అయ్యో, యమునా!”

“సోమారం మీరు పిలవలేదు. ఆ తర్వాతా పిలవలేదు.”

“అందుకేనా క్లాసులో ఎప్పుడూ నోరు విప్పవు? ఏటేటా నీ ప్రోగ్రెస్ కార్డు మీద నేను ఏం రాస్తున్నానో తెలుసా? ‘తెలివైనది, కానీ మాట్లాడదు’ అని.”

“సదివినాను టీచర్.”

“మీ మంచికే అనుకున్నానమ్మా. రేపు పెద్ద చదువులకు వెళ్తే అక్కడ నవ్వుతారు. నన్ను చూసి నవ్వారు. విశాఖపట్నం హాస్టల్లో, అన్నం దగ్గర కూర్చుంటే, ‘ఇంకోసారి అను, ఇంకోసారి అను’ అని ఒకటే నవ్వు. అద్దం ముందు నిలబడి ఒక్కొక్క మాటే మార్చుకున్నాను.”

“మీదీ ఈ పక్క గరివిడే కదా టీచర్. మా అమ్మ సెప్పినాది.”

“గరివిడే.”

“మరి ఇంటికాడ ఎలాగ మాటాడతారు?”

“ఇంట్లోనూ ఇలాగే. అలవాటైపోయింది.”

“దేవుడి కాడ?”

“అదేం ప్రశ్న?”

“పొద్దున్న దండం ఎట్టుకుంటారు కదా. ఏ మాటల్తోటి ఎట్టుకుంటారు?”

“మా అమ్మ నేర్పిన మాటలతోనే. ‘సూర్నారాయణా, మా పిల్లల్ని సల్లగా సూడు తండ్రీ’ అని.”

“సామి నవ్వుతాడేటి టీచర్?”

“లేదు. ఇన్నేళ్లలో ఒక్క మాటా సరిచెయ్యలేదు.”

“మరింకేటి.”

“యమునా, నీకొకటి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ ఆట బయటివాళ్లు చేసింది కాదు. పోయిన వేసవిలో శిక్షణకి వెళ్లాం కదా, అక్కడ టీచర్లమే చేశాం. పిల్లలు నవ్వుతూ నేర్చుకోవాలంటే ఒక తెలివితక్కువవాడు ఉండాలన్నారు. వాడు అచ్చం ఇక్కడివాడిలా మాట్లాడితే బాగుంటుందన్నారు. ఎవరికి వచ్చు అని అడిగారు.”

“ఊఁ.”

“నేను చెయ్యెత్తాను. గొంతు బొంగురు చేసి మా అమ్మ మాటలన్నీ ఒక్కొక్కటే తీసి వాడి నోట్లో పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకెంత గర్వంగా అనిపించిందో! మీరేమంటారో విందామనే ఆ ఆటని మీకిచ్చిన మూడింటిలో కలిపాను. గుమ్మడిబాబు గొంతు నాది యమునా.”

“తెల్సు టీచర్.”

“తెలుసా? ఎలా?”

“మొదటిసారి ఆడినప్పుడే పోల్సుకున్నాను. మాట మొదలెట్టే ముందర మీరు సిన్నగా ఊపిరి పీలుస్తారు. ఆడూ పీలుస్తాడు.”

“మరి గోపీకి?”

“ఆడికేటీ తెల్దు. నేను సెప్పలేదు.”

“నాకైనా చెప్పొచ్చు కదా! ఇంతసేపూ నిన్ను నిలబెట్టి అడుగుతూనే ఉన్నాను.”

“కారణం రాయాలంటే ఉన్నదంతా రాయాలి కదా టీచర్. రాస్తే గోపీ సదూతాడు. అందరి కాగితాలూ గోడకి అంటిస్తామన్నారు. బడంతా మిమ్మల్ని సూసి నవ్వుతారు. అలాగ నవ్వితే ఎలాగుంటాదో నాకు తెల్సు. అందుకే సున్నా ఏసి ఊరుకున్నాను.”

“నా కోసమా యమునా?”

“ఏడవకండి టీచర్. గోపీ వచ్చేస్తాడు.”

“రానీ. తప్పైపోనాది తల్లీ. మూడేళ్ల కిందట నీకు సెప్పవలసిన మాట ఇది. సోమారం కాకపోతే మంగళారమైనా పిలిసి సెప్పవలసింది. ఇప్పుడు సెప్తన్నాను, ఇను. నీ నాలిక్కి ఏటీ అవలేదు. నా బుద్దికే ఏదో అయిపోనాది. మా అమ్మ ఇంటే ఏటనుకుంటాదో నాకు తెల్దు గాని, నువ్వు నన్ను...”

“టీచర్! నీళ్లు తెచ్చినాను. ఒసే యమునా, ఆట మళ్లీ ఎట్టినావేటి? గుమ్మడిబాబు గొంతు వరండా అంతా ఇనిపిస్తన్నాది!”

“ఆట కాదురా గోపీ. నేనే. ఇలాగొచ్చి కూకో, నీకూ సెప్తాను.”