రెండు రోజులకని వేసిన గొట్టం

పందొమ్మిది వందల తొంభయ్యవ సంవత్సరం జూన్ నాలుగవ తేదీ ఉదయం ఏడున్నర గంటలకు మన భారీ యంత్రాల వర్క్‌షాపు హాజరు పుస్తకంలో సహాయ మెకానిక్‌గా తొలి సంతకం చేసిన నాటికి మన ఫోర్‌మన్ గారి వయస్సు ఇరవై నాలుగేళ్ళు. ముప్పై నాలుగేళ్ళ అవిశ్రాంత సేవ అనంతరం వారు పదవీ విరమణ చేయనున్న ఈ శుభ సందర్భంలో వారి ఉద్యోగ ప్రస్థానాన్ని స్మరించుకోవడం సహోద్యోగులుగా మనకు కర్తవ్యమే కాదు, ఆనందం కూడా.

వారు చేరిన రోజుల్లో హైడ్రాలిక్ మరమ్మతు అంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉండేది. యంత్రం బరువెత్తకపోతే పంపు మార్చేవారు; అప్పటికీ ఎత్తకపోతే వాల్వు మార్చేవారు; అదీ కాకపోతే ఆపరేటర్‌ను తిట్టేవారు. ఈ పద్ధతి వారికి మొదటినుంచీ గిట్టలేదు. ముందు ట్యాంకులో ఆయిల్ ఎంత ఉందో, ఏ రంగులో ఉందో, మాడు వాసన వస్తోందో లేదో చూసి, ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకొని, చల్లగా ఉన్నప్పుడు యంత్రం ఎలా నడుస్తుందో, వేడెక్కాక ఏం చేస్తుందో ఓపికగా విని, ఆ తరువాతే పీడనం కొలిచే గేజీని బిగించేవారు. "గేజీ పెట్టకుండా పానా పట్టకు" అన్నది వారి నోట మనమందరం కనీసం వెయ్యిసార్లు విన్న మాట. వెనకాల మనం వారిని 'గేజీ గారు' అని పిలుచుకుంటామన్న సంగతి వారికి తెలుసు. తెలియనట్టు నటించడం వారి పెద్దరికం. వారి ఇంటి వంటగదిలో కుళాయి మాత్రం ఏళ్ళ తరబడి కారుతూనే ఉందని, లోకంలోని యంత్రాలన్నిటికీ వైద్యం చేసే మనిషికి ఇంటి కుళాయి కనపడదని వారి శ్రీమతి గారు మనకు పలుమార్లు ఫిర్యాదు చేసి ఉన్నారు.

ఇక రెండువేల ఒకటవ సంవత్సరం నాటి సంగతి చెప్పాలి. పాతికేళ్ళ వయస్సున్న ఒక ఎక్స్‌కవేటర్ మన యార్డులో ఉండేది. ఉదయం చక్కగా మట్టి ఎత్తేది. రెండు గంటలు గడిచి ఆయిల్ వేడెక్కేసరికి పంపు కీచుమని అరిచేది, బకెట్ మూలుగుతూ లేచేది. పంపు బయటికి తోసే పీడనం కొలిచి, అది అరిగిందని అప్పటికి మెకానిక్‌గా ఉన్న మన ఫోర్‌మన్ గారే తేల్చారు. వారి మాట మీద కొత్త పంపు వచ్చింది. ఇరవై రోజులు తిరక్కుండానే కొత్త పంపు కూడా అదే కూత మొదలుపెట్టింది. కొత్త పంపును సైతం పాడుచేసినవాడు ఆపరేటరేనని నిర్ణయించి, అప్పటి మేనేజరు గారు అతనికి మెమో ఇచ్చారు. శనివారంలోగా వేరే కారణం తేలకపోతే యంత్రం తుక్కుకు పోతుంది, ఆపరేటర్ సస్పెండ్ అవుతాడు. ఆ పెద్దాయన విరమణకు అప్పటికి రెండేళ్ళే మిగిలాయి.

"తమ్ముడూ, ఇన్నేళ్ళుగా దాని మీద కూర్చున్నాను. దాన్ని నేనెందుకు చంపుకుంటాను?" అన్నాడాయన.

"నిన్ను నేను నమ్ముతానన్నా. కానీ నా నమ్మకం మేనేజరు గారికి చాలదు. గేజీ చెప్పాలి" అన్నారు మన వారు.

పంపు నుంచి బయటికి పోయే పీడనాన్ని అందరూ కొలిచారు. లోపలికి పీల్చే వైపు ఎవరూ చూడలేదు. ట్యాంకు నుంచి పంపుకు ఆయిల్ తెచ్చే గొట్టానికి వారు గేజీ బిగించి, భోజనం కూడా అక్కడికే తెప్పించుకొని, గురు, శుక్రవారాలు రెండూ ఆ యంత్రాన్ని అంటిపెట్టుకొని ఉన్నారు. మొదటి రోజు మధ్యలో వాన పడి పని ఆగిపోయింది. వారు మాత్రం పట్టు విడువలేదు. రెండవనాడు ఆయిల్ వేడెక్కాక గేజీ ముల్లు కిందికి జారింది. ఇంజను నడుస్తుండగానే వారు కిందికి దూరి గొట్టాన్ని తడిమి చూశారు. అది తొక్కిన అట్టపెట్టెలా అణగిపోయి ఉంది. ఇంజను ఆపించగానే మళ్ళీ గుండ్రంగా లేచింది. ఇంజను ఆపి వెతికిన వాళ్ళెవరికీ అది ఎందుకు దొరకలేదో అప్పుడు అర్థమయింది.

అర్థమయింది అది ఒక్కటే కాదు. ఆ గొట్టాన్ని కోసిన తీరు వారికి తెలుసు. అది తన చేతి కోతే. ఏడాది క్రితం, అణగిపోకుండా లోపల తీగచుట్ట ఉన్న అసలు గొట్టం స్టోర్‌లో లేకపోతే, మామూలు గొట్టం ముక్కొకటి రెండు రోజులకని వేసి, వేరే పని మీద పడి మరిచిపోయారు. పాత పంపును, కొత్త పంపును తినేసింది ఆ మరుపే. యంత్రం కింద వారు తప్ప ఎవరూ లేరు. గుట్టుగా గొట్టం మార్చేస్తే కాగల కార్యం గంధర్వులే తీర్చారని అందరూ సంతోషించేవారు. మెమో మాత్రం ఆ పెద్దాయన నెత్తిన అలాగే ఉండేది. వారికి భయం వేసింది. వేసిందని వారే మనతో చెప్పారు. అయినా చేతులు కూడా కడుక్కోకుండా, ఆ గొట్టాన్ని ఊడదీసి చంకన పెట్టుకొని, తిన్నగా మేనేజరు గారి గదికి వెళ్ళారు.

"ఇది రిజిస్టరులో రాస్తే ఫోర్‌మన్ల జాబితాలో మీ పేరు ఉండదు. తెలుసా?"

"తెలుసు సార్. మెమో మీద ఆయన పేరు కొట్టేసి నా పేరు రాయండి."

మెమో రద్దయింది. యంత్రం మరో ఆరేళ్ళు పనిచేసింది. ఆపరేటర్ మచ్చ లేకుండా విరమణ పొందారు. మన వారికి పదోన్నతి రెండేళ్ళు ఆలస్యమయింది. తాత్కాలికంగా వేసిన ప్రతి భాగానికీ తేదీ రాసిన ఎర్రగుడ్డ కట్టాలన్న మన వర్క్‌షాపు నియమం ఆ సోమవారం నుంచే మొదలయింది. ఆ తరువాత ఫోర్‌మన్‌గా వారు పునరుజ్జీవింపజేసిన యంత్రాల జాబితా చాలా పెద్దది. దాన్ని ఈ సంచికలో వేరే పేజీలో చూడవచ్చు.

ఈ వ్యాసానికి వారు పెట్టిన షరతు ఒక్కటే: గొట్టం సంగతి రాయాలి. ఎందుకంటే ఇంట్లో వారు ఆ మాట ఏనాడూ చెప్పలేదు. పదోన్నతి ఆపింది మేనేజరు గారి అన్యాయమేనని వారి శ్రీమతి గారు ఇరవై మూడేళ్ళుగా ఆ మహానుభావుణ్ణి ఆడిపోసుకుంటూనే ఉన్నారు. అచ్చుకు వెళ్ళే ముందు ఈ పేజీలను వారింట్లోనే ఆమెకు చదివి వినిపించాము. ఆమె భర్త వైపు తిరిగారు.

"ఆ తిట్లన్నీ మీకు రావలసినవన్నమాట" అన్నారు. తరువాత గొంతు తగ్గించి, "అప్పుడే చెప్పి ఉంటే ఒక్కటి కూడా తిట్టేదాన్ని కాదు" అన్నారు. ఫోర్‌మన్ గారు తల దించుకున్నారు; ఏ మేనేజరు ముందూ వారు అలా తల దించుకోగా మనం చూడలేదు.

దాచుకున్న ఆ ఒక్క బరువు కూడా దిగిపోయిన ఈ శుభవేళ, ఆ దంపతులు నిండు నూరేళ్ళు ఆయురారోగ్యాలతో, ఒకరి దగ్గర ఒకరికి దాచవలసిందేమీ లేని నిశ్చింతతో జీవించాలని మనమందరం మనసారా కోరుకుందాం.