వాన ఏ అక్షరం పంపింది?

రామబ్రహ్మం గారు నోరు విప్పారంటే రాయదుర్గం మెట్రో మెట్ల కింద అందరి టీలూ చల్లారిపోవాల్సిందే. ఆ సాయంత్రం మరీ రెచ్చిపోయారు. కడుపులో భయం ఉంటే ఆయనకి మాటలు ఎక్కువవుతాయి.

కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి మాన్యువల్ రాయడం ఆయన పని. ఎక్కడో దూరాన నడిచే ప్రోగ్రామ్ ఆగితే, ఎందుకాగిందో ఒక్క అక్షరంతో మనకి కబురంపుతుంది. పని ముగించుకుని ఆగితే డబ్ల్యూ, ఎవరైనా మధ్యలో చంపేస్తే ఎక్స్. ఆ సంగతి చెప్పే పేజీ పొద్దున్నే కస్టమర్‌కి వెళ్లిపోయింది. ఇందాక లిఫ్టులో దిగుతుండగా గుర్తొచ్చింది, ఆ రెండూ తారుమారుగా రాశానని. ఇక శుభ్రంగా పని ముగించిన ప్రోగ్రామ్‌ని చూసి అక్కడివాళ్లు చచ్చిందని గుండెలు బాదుకుంటారు, తన ఇరవై ఏళ్ల పేరు గంగలో కలుస్తుంది. ఎవరికీ చెప్పుకోలేక కోతలకి దిగారు.

“పోయిన నెల మా పై అంతస్తులో ఒక ప్రోగ్రామ్ ఆగిందండి. ఎందుకాగావని ఒక్క ప్రశ్నార్థకం పంపాను, అంతే, అంతా ఒప్పేసుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి పాకిపోయి, నాలుగొందల మెషీన్లు నాతో చెప్పకుండా ఆగడం మానేశాయి!”

టీ కొట్టు రాజేందర్ పొయ్యి మీద పాలు కూడా మర్చిపోయాడు. “గిట్ల గూడ ఐతదా సార్?”

అవదేంటయ్యా అని ఆయన ఊపందుకున్నారు. నడిసముద్రంలో ఓడ ఇంజిను ఆగి కబురంపితే ఒంటి మీద సబ్బు నురగతోనే జవాబిచ్చారట. ఇదిగో ఈ మెట్రో బండి కూడా స్టేషన్లో ఆగేముందు ఆయన సెలవు అడుగుతుందట. అక్కడితో ఊరుకున్నారా?

“మొన్న ఖాజాగూడలో కుండపోత కురిసిందా, అది ఆగేముందు కూడా నాకే కబురండి. సరే ఆగవే అన్నాను, టక్కున ఆగింది.”

ఆయన కంపెనీలోనే టెస్టింగ్ చూసే అఖిల అప్పటిదాకా టీలో బిస్కెట్ ముంచుకుంటూ వింటోంది. నార్సింగి పిల్ల, మాట మెత్తనే గానీ గురి తప్పదు.

“వాన ఏ అక్షరం పంపింది సార్? డబ్ల్యూనా, ఎక్సా?”

రామబ్రహ్మం గారి చేతిలోని గ్లాసు పెదవి దాకా వెళ్లి నిలిచిపోయింది. ఈ పిల్లకి తెలిసిపోయిందన్నమాట, అనుకున్నారు.

“ఏంది సార్, ఆగిండ్రు?” అన్నాడు రాజేందర్.

“జర పరేషాన్ గాకుండ్రి సార్,” అంది అఖిల నవ్వాపుకుంటూ. “మీ పేజీల ఆ రెండు అటిటు అయినయి. పంపేముందు నా మెషీన్ మీద నడిపి చూసిన. మంచిగ ముగిసిన ప్రోగ్రామ్ డబ్ల్యూ పంపింది, నేను చంపింది ఎక్స్ పంపింది. సరిచేసే పంపిన. మీకు మెయిల్ గూడ పెట్టిన, మీరే చూస్కోలే.”

రామబ్రహ్మం గారు బెంచీ మీద కూలబడ్డారు. బతికించావమ్మా తల్లీ, అని రెండుసార్లు అన్నారు. చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసి, ఇంత మంచి టీ ఎప్పుడూ తాగలేదన్నారు.

రాజేందర్ మాత్రం వదల్లేదు. “మరి వాన ఏం పంపింది సార్?”

“నాకేం పంపలేదయ్యా. గొడుగు మర్చిపోయి ఇంటిదాకా తడుస్తూ వెళ్లాను.”