దుమ్ము డాక్టరమ్మ ఎదెల్మిరా లియెందో

తోకొనావో ఊరి పెద్దలారా, అమ్మలారా, కొండ మీద టెలిస్కోపు దగ్గర నాతోపాటు పనిచేసేవాళ్ళారా, ఇంత ఎండలో ఈ హాలు దాకా నడిచి వచ్చిన మీ అందరికీ దండాలు. ముందు వరుసలో కూచున్న ఒతీలియా అమ్మగారూ, కొపియాపో నుంచి రాత్రంతా బస్సులో వచ్చారు. మీ అక్కగారు, మన డాక్టరమ్మ, పోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.

నా పేరు నికానోర్ తింతే. డ్రైవర్ని. డాక్టర్ ఎదెల్మిరా గారిని ఇరవై రెండేళ్ళు కొండ ఎక్కించాను, దించాను. నన్ను మాట్లాడమన్నారు. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రావడం లేదు. ఈ పంతొమ్మిది రోజులూ తిండి తిన్నాను. బండి కడిగాను. టైర్లలో గాలి చూసుకున్నాను. లోపల మాత్రం ఏదీ కదలడం లేదు. తప్పుగా అనుకోకండి.

ఆవిడ మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఏం పని మీద వచ్చారమ్మా అంటే, దుమ్ము చూడ్డానికి అన్నారు. నేను ఊరుకుంటానా? "సాంతియాగోలో దుమ్ముకి కరువొచ్చిందా డాక్టరమ్మా? మా ఆడవాళ్ళు రోజూ ఊడ్చి పోస్తారు, రెండు బస్తాలు కట్టిస్తాను పట్టుకుపోండి" అన్నాను. ఆవిడ నవ్వి, "కట్టించు నికానోర్. అది ఎక్కడ పుట్టిందో కూడా చీటీ రాసి పెట్టు" అన్నారు.

ఎక్కడ పుట్టింది? ఎప్పుడైనా అడిగామా మనం?

గంటన్నర దారిలో ఆవిడే చెప్పారు. "నక్షత్రం ముసలిదైతే దగ్గుతుంది నికానోర్. దగ్గి దగ్గి ఒంటి పైపొరంతా బయటికి ఊదేస్తుంది. ఆ వేడి ఆవిరి చల్లారేకొద్దీ గట్టిపడి రేణువులవుతుంది. పొయ్యి మసి కంటే సన్నం. అవి కోట్ల ఏళ్ళు తిరుగుతాయి. పేలుళ్ళ దెబ్బకి కొన్ని పిండైపోతాయి. మిగిలినవి చీకటి మబ్బుల్లో చేరితే వాటి మీద మంచు పేరుకుంటుంది. ఒకదానికొకటి అంటుకుని గులకరాళ్ళవుతాయి, కొండలవుతాయి. నువ్వు బండి తోలుతున్న ఈ కొండ కూడా అంతే" అన్నారు. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆవిడ పేరు దుమ్ము డాక్టరమ్మ. పేరు పెట్టింది నేనే.

తర్వాత ఆవిడకి పేరొచ్చింది. ఒక నక్షత్రం పేలిపోతే, ఆ పేలిన బూడిదలోనే కొత్త దుమ్ము పుట్టడం చూశానని ప్రకటించారు. తొమ్మిదేళ్ళు కాపలా కాసి చూశారు. పత్రికలవాళ్ళు వచ్చారు. మన బడి గోడ మీద పిల్లలు ఆ నక్షత్రం బొమ్మ వేశారు. డాక్టరమ్మని పెద్ద కుర్చీలో కూచోబెట్టారు.

ఆ కుర్చీలో కూచున్న మూడో ఏట ఆవిడకే అనుమానం వచ్చింది. ఇంకెవరికీ రాలేదు. లెక్కలు మళ్ళీ తిరగేశారు. అది కొత్త దుమ్ము కాదట. నక్షత్రం పేలకముందే, ముసలితనంలో దగ్గి పారేసిన పాత దుమ్మట. చుట్టూ దూరంగా పడి ఉంటే, పేలుడు వెలుగు ఆలస్యంగా దాన్ని చేరి వేడెక్కించింది. ఆలస్యంగా మెరిసింది కాబట్టి అప్పుడే పుట్టిందనుకున్నారు.

ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. ఆవిడ లోకమంతటికీ రాసి పంపేశారు. పెద్ద కుర్చీ పోయింది. టెలిస్కోపు మీద ఆవిడకిచ్చే గంటలు సగానికి సగం తగ్గిపోయాయి. అక్కడితో ఆగారా? ఒక ఆదివారం ఈ హాలుకే వచ్చి, ఇదిగో, ఇక్కడే నిలబడి, "మీ పిల్లలకి నేను తప్పు చెప్పాను" అన్నారు. ప్లాసిదా అవ్వ ఒక్కతే నోరు తెరిచింది. "తప్పయిందని చెప్పడానికి ఇంత దూరం వచ్చావా తల్లీ? మా ఆయన నలభై ఏళ్ళలో పక్క గదిలోంచి కూడా రాలేదు!" అంది. ఆ రోజు డాక్టరమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

ఇక ఆఖరి రోజు సంగతి. ఒతీలియా అమ్మగారూ, ఇది మీకు ఎవరూ చెప్పి ఉండరు.

కొండ ఎక్కేముందు వేలికి ఒక చిన్న యంత్రం తగిలిస్తాం. ఒంట్లో ప్రాణవాయువు ఎంతుందో అది చెబుతుంది. ఎనభైకి తగ్గితే ఎక్కించకూడదు. అది నియమం. ఆ పొద్దున డెబ్భై ఎనిమిది చూపించింది. తలనొప్పి కూడా ఉందన్నారు. "వేళ్ళు చల్లబడ్డాయి నికానోర్, అంతే. ఇవాళ దొరికిన నాలుగు గంటలు మళ్ళీ ఆర్నెల్లకి గానీ దొరకవు. పద" అన్నారు. నేను ఆ అంకెలు రాసే పుస్తకంలో ఎనభై రెండు అని రాశాను. బండి తోలాను.

పైన నాలుగు గంటలూ పనిచేశారు, ఆ టెలిస్కోపుకి పగలూ రాత్రీ ఒకటే. మధ్యాహ్నం రెండున్నరకి, అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయన్నారు. ప్రాణవాయువు పెట్టి వెంటనే దించాను. "మెల్లగా పోనీ, వాంతి వచ్చేట్టుంది" అన్నారు. తర్వాత ఇంకేమీ అనలేదు. కింద వైద్యశాల ముందు తలుపు తీసేసరికి ఊపిరి లేదు.

మెదడులో రక్తనాళం చిట్లిందట. ఇంట్లో ఉన్నా జరిగేదేమో అన్నారు వైద్యులు. జరిగేదేమో. యంత్రం డెబ్భై ఎనిమిది అంది. ఎనభై రెండు అని రాసింది నా చెయ్యి.

ఇవాళ పొద్దున మా అధికారికి ఆ పుస్తకం చూపించాను. బండి తాళాలు ఇచ్చేశాను. ఏం చేస్తారో వాళ్ళిష్టం. మీరు నన్ను ఏమైనా అనాలనుకుంటే, అమ్మగారూ, ఈ సభ అయ్యాక తలుపు దగ్గరే ఉంటాను.

ఆ నాలుగు గంటల్లో ఆవిడ చూసింది ఇంకో పేలిన నక్షత్రాన్ని. దాని నడిమధ్యలో, పాత దుమ్ము ఉండడానికి వీల్లేని చోట, చల్లటి రేణువులేవో కనిపిస్తున్నాయని ఆవిడ శిష్యురాలు గ్రిసెల్ చెప్పింది. నిజమేనా అని అడిగాను. "రెండేళ్ళు పడుతుంది నికానోర్ మామా. తొందరపడితే ఆవిడ ఊరుకోరు" అంది. ఊరుకోరు అంది. ఊరుకునేవారు కాదు అనలేదు. నేనూ దిద్దలేదు.

నా మాటలు అయిపోయాయి. అందరం లేద్దాం. టోపీలు తీయండి. ప్లాసిదా అవ్వా, నీ మోకాళ్ళ సంగతి అందరికీ తెలుసు, నువ్వు కూచునే ఉండు. మౌనం ఎంతసేపని నన్ను అడగకండి. ఒతీలియా అమ్మగారు ఎప్పుడు కూచుంటే, మనమూ అప్పుడే కూచుందాం.