ఈరప్ప పేల్చిన గుండు ఇంకా యాడా పడలేదు

ఈరప్ప టీ గ్లాసు చేతికి తీసుకున్నాడంటే ఆ పొద్దుకు చుట్టూ ఉండేవాళ్ళ పనులు చెడినట్లే. సూళగిరి దాటినాక హైవే పక్కన ఆయన పెండ్లాం అంగాళమ్మ నడిపే టీ అంగడి ఉండాది. దాని ముందర బెంచీ మీద కాలు మీద కాలేసుకోని, ఆ ఆదివారం సాయంత్రం కూడా మాట ఎత్తుకున్నాడు.

"తుపాకులు తెచ్చి మారెమ్మ గుడి గట్టు మీద పెట్టాలంట! ఎందుకప్పా పెట్టేది? పందులొచ్చి చెనిక్కాయ తవ్వుకోని పోతా ఉంటే మైకు పట్టుకోని బతిమాలుకునేదా? మన చేను, మన తుపాకీ, మన హక్కు!"

వారం నుంచి పోలీసు ఆటో ఊరూరా తిరిగి మైకులో చెప్తా ఉండింది. లైసెన్సు లేని నాటు తుపాకీ ఉండేవాళ్ళు ఆదివారం పొద్దు మునిగే లోపల గుడి గట్టు మీద పెట్టి పోతే, ఎవురు పెట్టినారని అడగరు, కేసుండదు. ఆ తర్వాత ఇంట్లో దొరికితే జైలే.

ఆ మాట వినిన కాడ్నుంచి ఈరప్ప తమ్ముడు మునిరాజ్‌కు అన్నం గానీ టీ గానీ సయించలేదు. వాళ్ళ నాయన తుపాకీ ఒకటి, మూతి కాడ ఇత్తడి కట్టు ఏసింది, అన్న ఇంటి అటక మీద గోనెలో చుట్టి ఉండాదని వానికి తెలుసు. "పెట్టేయన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని దినామూ అడిగినాడు. ఆ మారాజు మీసం దువ్వుకోని అంగడి బెంచీ కాడికి పోయేవాడు. మధ్యాన్నం మునిరాజ్ గట్టు కాడికి పోయి చూసొచ్చినాడు. ఎవురివో తుపాకులు తువాలు కింద పడుండాయి గానీ ఇత్తడి కట్టుండేది వాటిల్లో లేదు. నాయన పోయినాక తన్ను సాకి పెద్ద చేసింది ఈ అన్నే. ఆయన్ను జీపెక్కిస్తే నిలబడి చూసేదెట్లా అని వాని భయం.

అది చాలదన్నట్లు, బెంచీ ఆ కొసన లుంగీ కట్టుకోని టీ తాగే మనిషిని అప్పుడే గుర్తుపట్టినాడు. ఆటోలో మైకు పట్టుకున్న హెడ్ కానిస్టేబుల్ కుమారేశన్! మునిరాజ్ తన అన్న కాలు తొక్కినాడు. ఈరప్ప కాలు పక్కకు జరుపుకోని ఇంకా గట్టిగా ఎత్తుకున్నాడు.

"లైసెన్సు తీసుకోవచ్చు కదండీ?" అన్నాడు అచ్చెన్న. శ్రీకాకుళం నుంచి వచ్చి మూకండపల్లిలో ఫ్యాక్టరీ పని చేస్తా, ఈడనే రూము తీసుకోని ఉండాడు. "చేతికందినోడల్లా పేల్చేస్తే, పొదలో కదిలేది పందో మనిషో ఎలా తెలుస్తాదండీ?"

"బాగా అడిగినావు నాయనా," అనింది అంగాళమ్మ లోపల పొయ్యి ఊదతా. "మన వీధి రేణు మొగుడు చెంబు పట్టుకోని చేనికి పోతే పందనుకోని కొట్టినారు. తొడలో సీసం గుండు ఇంకా ఉండాది, పాపం."

"లైసెన్సంట, లైసెన్సు! మనం అర్జీ ఇచ్చి, వాళ్ళు విచారణకొచ్చి, సంతకం పడే లోపల పంది మనవరాండ్లు నా చేన్లోనే పెండ్లిండ్లు చేసుకుంటాయి. నేను అట్లా కాదు. పోయిన నెల ఏమైందనుకున్నావు? తెల్లారుజామున చేనికి పోయినాను. గట్టు మీద పంది. ఈ బెంచీ అంత. ఊపిరి బిగబట్టి ఒకే ఒక్క ఏటు. డామ్మని పడింది."

"సరే, పడింది," అన్నాడు అచ్చెన్న.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుండు ఆగలేదప్పా! పందిలో దూరి, ఎనక ఉండే పందిలో దూరి, దాని ఎనకాల..."

"అన్నా, టీ చల్లారిపోతా ఉండాది," అన్నాడు మునిరాజ్.

"చల్లారనీ రా! ఆ ఎనకాల గుంపు గుంపంతా వరసగా పండుకున్నాయి. గుండు పోయి సూళగిరి కొండకు తగిలింది. ఠంగుమనింది చూడు! ఆ సద్దుకు మూకండపల్లి ఫ్యాక్టరీల్లో సైరన్ అనుకోని షిఫ్టు వదిలేసినారు."

"అదా సంగతి! ఆరోజు మమ్మల్ని పెందలాడే ఎందుకు పంపేశారా అనుకున్నానండి."

"చూడు, ఆయనే చెప్తా ఉండాడు! సద్దుకు అడవిలో ఏనుగులు బెదిరి హైవే మీదికొచ్చేసినాయి. నేను తుపాకీ పైకెత్తి నిలబడినాను, అంతే. ముందరుండే కొమ్ముల ఏనుగు నన్ను చూసి తొండమెత్తి దండం పెట్టింది. 'ఎడమ పక్క పొండ్రా' అన్నాను. ఎడమ పక్కనే వరసగా కృష్ణగిరి టోల్‌గేటు దాకా పోయి, కర్ర లేచేదాకా నిలబడి, ఆ మీదట దాటినాయి."

"మరి గుండు?"

"గుండా! కావేరిపట్టణం పైన పోతా ఉంటే ఆ గాలికి తోటల్లో మామిడికాయలన్నీ రాలినాయి. తుపాకీ పొగ ఆకాశానికి పోయి మబ్బై, సాయంత్రం వాన పడింది. ఆ గుండుండాదే, అది ఇంకా యాడా పడలేదు! తిరగతానే ఉండాది!"

కుమారేశన్ గ్లాసు కింద పెట్టినాడు.

"గుండు పడినప్పుడు చూసుకుందామప్పా. నేను స్టేషన్ నుంచి వచ్చినాను. తుపాకీ యాడుండాది, అది చెప్పు."

ఈరప్ప చల్లారిన టీ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఉందంటే జైలు, లేదంటే ఇంతసేపు చెప్పిందంతా గాలికి పోతాది. మునిరాజ్ లేచి, "సార్, మా అన్న ఊరికే..." అని చేతులు జోడించినాడు. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

"తుపాకీ కావాల్నా సార్? ఇదో!"

అంగాళమ్మ పొయ్యి కాడ్నుంచి లేచొచ్చి, చేతిలో ఉండే ఊదుగొట్టాన్ని బెంచీ మీద పెట్టి, కొంగుతో మసి తుడిచింది. కొస కాడ ఇత్తడి కట్టు తళుక్కుమనింది. మునిరాజ్ కండ్లు నులుముకోని మళ్ళీ చూసినాడు. నాయన తుపాకీ గొట్టమే!

"మా మామ కాలం చేసిన ఏడే అటక మీద నుంచి దించేసినాను సార్. ఇంట్లో అది ఉంటే నాకు కన్ను మూతపడేది కాదు. దాని కట్టె పిడిని పొయ్యిలో పెట్టినాను. గొట్టాన్ని కొలిమి ఆంజప్ప కాడ ఎనక మూత కోయించి పొట్టి చేయించుకున్నాను. అప్పట్నుంచి ఈ అంగడి టీ అంతా దీంతో కాగిందే. ఈ మనిషి ఒక్క పొద్దు పొయ్యి ఊదుంటే కదా తెలిసేది!"

"మరి అటక మీద గోనెలో?" అన్నాడు ఈరప్ప సన్నగా.

"మామ గొడుగు."

అచ్చెన్న పొలమారి టీ అంతా షర్టు మీద పోసుకున్నాడు. ఈరప్ప మొహంలోకి సిగ్గు కంటే ముందు ప్రాణం వచ్చింది. మునిరాజ్ బెంచీ మీద కూలబడి, ఏడస్తా ఉన్నాడో నగతా ఉన్నాడో తెలీకుండా నగినాడు. "వదినా, నువ్వు సల్లగుండాల," అన్నాడు.

కుమారేశన్ గొట్టంలో నుంచి ఒక కన్నుతో ఆకాశం చూసి, దాన్ని మునిరాజ్ చేతికిచ్చినాడు. "పొద్దింకా మునగలేదు. ఇదీ గట్టు మీదనే పెట్టేయ్. ఎవురు పెట్టినారని నేను అడగను."

"పెట్టేయనీ సార్. మరి నా పొయ్యి ఎట్లా మండేది?" అనింది అంగాళమ్మ.

మునిరాజ్ పరుగున పోయి గొట్టాన్ని మిగతా వాటి పక్కన పెట్టి, మారెమ్మకు దండం పెట్టి తిరిగొచ్చినాడు. వచ్చి చూస్తే ఈరప్ప పొయ్యి ముందర గొంతుకూర్చోని, ఊదుగొట్టం బదులు బొప్పాయి కాడ నోట్లో పెట్టుకోని, బుగ్గలు పూరించి ఊదతా ఉండాడు. పొగకు కండ్లు ఎర్రగా అయినాయి. వారం తర్వాత తాగిన ఆ టీ మునిరాజ్‌కు ఎంత తియ్యగా ఉండిందో చెప్పలేం.

"ఈరప్పగారూ, టోల్‌గేటు దాటినాక ఆ ఏనుగులు ఏటయ్యాయండి?" అన్నాడు అచ్చెన్న.

ఈరప్ప నోట్లో కాడ తీసి, గొంతు సవరించుకున్నాడు. పొయ్యిలో మంట తగ్గిపోయింది.

"ఊదు," అనింది అంగాళమ్మ.

ఊదినాడు.