స్టాండు మీద తిరిగిన చక్రం

కొల్హాపూర్‌లో ఒక ఇంటి పెరడు. రేపటి గోవా ప్రయాణానికి మరిది తన బైకు వెనక చక్రానికి వెడల్పాటి టైరు సొంతంగా బిగించుకున్నాడు. వదిన గడపలో నిలబడి చూస్తోంది.

"చూడు వహినీ, ఎంత తేలిగ్గా తిరుగుతోందో. చైనుకూ టైరుకూ మధ్య వేలు పడుతోంది."

"స్టాండు మీద ఏ చక్రమైనా తిరుగుతుంది. దింపి కూర్చో. వెనక నేనూ ఎక్కుతాను."

"పెద్ద మెకానిక్కువి దొరికావు. సరే, ఎక్కు."

"ఇప్పుడు కాళ్లతో ముందుకు నెట్టు."

"ఏదో గీసుకుంటోంది."

"ఎక్కడ?"

"పైన, మడ్‌గార్డుకి. కొంచెమే. లోపల అరగదీస్తే సరిపోతుంది."

"ఘాట్ రోడ్డులో గుంతలో పడ్డా కొంచెమేనా? చక్రం పట్టేయదూ?"

"వానలో పట్టు ఉండాలనే కదా ఇది వేసింది. నిరుడు అన్న ప్రాణం పోయింది సన్న టైరు జారే."

"సన్నది కాదు. ముందురోజే వెడల్పుది వేసుకున్నాడు. ఇక్కడే, స్టాండు మీద తిప్పి నాకు చూపించాడు."

"ఈ ఏడాదిలో ఒక్కసారీ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? బాగుంది, వెళ్లిరా అన్నది నేనే."

అతను కాలితో స్టాండు దించాడు.

"దిగు వహినీ. చక్రం విప్పాలి."