పేతురు సారు తన మీదేసుకున్న మాట

కూసో బిడ్డా, గా పీట మీద కూసో, చాయ్ పెట్టిన. మీటింగుకు ఎందరొచ్చిర్రు? ముగ్గురేనా? అండ్ల ఒకలు నిద్రపోయిర్రా? ఫికర్ జేయకు. నీకన్న ముందు నీ కుర్సీల పేతురు సారని ఉండె. నువ్వు గప్పుడు సదువుకుంటున్నవేమో. గీ వ్యవసాయం ఆఫీసు నుంచే మాకు సేద్యం సంగతులు చెప్పనీకి వచ్చెటోడు. సన్నగ, పొడుగ్గ, మిషనోళ్ళ మనిషి. ఆదివారం చర్చిల గట్టిగనే పాడెటోడట గని మా దగ్గరికొస్తె గొంతు లేవకపోయేది. ఎనుక కూసున్నోళ్ళకు ఒక్క ముక్క ఇనవడకపోయేది. ఒకపారి ఏంజేసిండంటే, స్ప్రే పంపుల కుంకుమ నీళ్ళు పోసి, "తెల్ల అంగి తొడుక్కొని ఎవరన్న పత్తి చేన్ల కొట్టుర్రి" అన్నడు. మా పక్కింటి హనుమంతు లేశిండు. గాడు ఎప్పటికీ నవ్వులాటోడే. రెండు సాళ్ళు కొట్టొచ్చేటాలకు మోకాళ్ళ నుంచి మెడ దాంక ఎర్రగైండు. "సూడుర్రి, మందు గూడ గింత మీ పెయ్యి మీద పడ్తది, కండ్లకు కనవడది గంతే. మూతికి గుడ్డ కట్టుకోర్రి, రెండు మందులు కలుపకుర్రి" అని సారు చెప్తుండు. హనుమంతు ఏమన్నడు? "సారూ, హోలి ఆడినట్టుంది, ఇంకో పంపు నింపు!" ఊరంత ఒకటే నవ్వుడు. సారు గూడ నవ్విండు పాపం, ఏంజేస్తడు.

గా యేడే, బతుకమ్మకు జరంత ముంగట, పత్తి నా భుజాల దాంక లేశింది. గులాబి పురుగు పడ్డది. హనుమంతు రెండు మందులు కలిపి, మూతికి గుడ్డ లేకుంట, మిట్ట మధ్యాహ్నం ఎదురుగాలికి కొట్టవట్టె. నేను గట్టు మీద గడ్డి కోస్తున్న. పంపు సప్పుడు ఆగింది. జూస్తే మనిషి కనవడ్తలేడు. ఆని పెండ్లాం చంద్రవ్వ ఉరికింది, ఎనుక నేను. నోట్లె నురుగు, కంటి పాపలు సూది మొనంత. మంచం మీదేసి ఇంటికి మోసుకొచ్చిర్రు. ఒకలు పాము ముట్టిందంటరు, ఒకలు ఎండదెబ్బ అంటరు. సారు పక్కూర్లెనే ఉన్నడట, బండి మీద వచ్చిండు. వచ్చుడు వచ్చుడే ఎట్ల ఒర్రిండు బిడ్డా! "అంగి ఇప్పుర్రి! సబ్బు పెట్టి కడుగుర్రి!" ఎవ్వలు ముట్టుతలేరు. ఆయినెనే అంగి చింపిండు, ఆయినెనే నీళ్ళు పోసిండు. గంతల ఆటో వచ్చింది, ఎక్కిచ్చిర్రు. "ఏం మందు కొట్టిండు? సీస ఏది? ఒక్కో మందుకు ఒక్కో తీరు వైద్యం, పేరు తెల్వకపోతె డాక్టరు ఏంజేస్తడు?" అంటుండు సారు. చంద్రవ్వ కింద కూలవడి, తల దించుకొని "నాకు తెల్వది" అంటది. మళ్ళడిగితే మళ్ళ గదే.

నాకు సమజైంది. అంతకు ముందటేడు పక్కూర్లె ఒకడు పురుగుల మందు తాగి సచ్చిపోతే, ఆని పెండ్లాన్ని ఠాణాల కూసోవెట్టిర్రు. అత్తగారోళ్ళేమో "నువ్వే సంపినవ్" అని ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టిర్రు. గా భయం ఈమెకు. సీస దొరికితే తాగిండంటరని దాశింది. ఆటోల హనుమంతు కాళ్ళు కొట్టుకుంటున్నడు. ఆటో ఆయన "పోదమా సారూ, పోదమా" అంటుండు. సారు ఏంజేసిండు? గా బురదల, ఆమె ముంగట మోకాళ్ళ మీద కూసున్నడు. "చెల్లె, నేను పోలీసోన్ని కాను. ఎవ్వలడిగినా, గా మందు కొట్టుమని నేనే చెప్పిన అని చెప్త. నీ మీదికి మాట రానియ్య, నా మీదేసుకుంట" అన్నడు. ఆమె ఆయినె మొఖం దిక్కే జూస్తుంది. అటెన్క లేశి, పెంటకుప్పల మోచెయ్యి దాంక పెట్టి, రెండు సీసలు గుంజి ఇచ్చింది.

బతికిండు బిడ్డా, బతికిండు. దవాఖానల గొట్టాలు పెట్టి పండవెట్టిర్రు, డాక్టరు సీసలు జూసే సూదులిచ్చిండు. పోలీసాయన వచ్చి "గీ మందులు కలుపుమని ఎవరు చెప్పిర్రు?" అని అడిగిండు. "నేనే" అన్నడు సారు. అడిగినాయన గూడ పరేషాన్. "సోంచాయించి చెప్పుర్రి సారూ, నౌకరి మీదికొస్తది" అన్నడట. "నేనే" అన్నడు మళ్ళ. ఎప్పుడు ఎవ్వలకు అబద్ధం చెప్పనోడు! నెల తిరగకముందే పై ఆఫీసు నుంచి కాయిదం వచ్చింది, ఈడికెళ్ళి తీసి మంచిర్యాల అవుతల యాడికో ఏసిర్రు.

హనుమంతు లేశి తిరిగేటాలకు సారు లేడు. చంద్రవ్వ గప్పుడు చెప్పింది మొగనికి. ఇగ గాడు తిన్నది లేదు, పండింది లేదు. ఇద్దరు బస్సెక్కి ఎతుక్కుంట పోయిర్రు. "సారూ, పా, పై ఆఫీసుకు పోదం. నువ్వు వద్దన్నవని, మేమే నవ్వినమని నేను చెప్త" అన్నడట. సారు ఏమన్నడట? "ఆఫీసోళ్ళకెందుకు హనుమంతు. నవ్వెటోళ్ళు ఈడ గూడ ఉన్నరు. ఇయ్యాల మీటింగుంది, నువ్వు లేశి గాళ్ళకు చెప్పు." గంత మాటకారి హనుమంతు, జనం ముంగట నిలవడితే నోరు రాలేదట. చేతులు రెండు ముంగటికి చాపిండట, గంతే. మందు పడ్డ వణుకుడు అప్పటికింక పోలే. ఒక్కడు నవ్వలేదట బిడ్డా. అటెన్క ఏ ఊర్లె మీటింగున్నా సారు కబురు పంపుడు, హనుమంతు బస్సెక్కుడు.

కరోనల పోయిండు సారు. మట్టికి గూడ ఎవ్వల్ని రానియ్యలే. హనుమంతు ఆగలే, పోలీసోళ్ళు బండి యాడ ఆపితె ఆడ దిగి, నడుసుకుంట పోయిండు. బొందలగడ్డ గోడ బయటనే నిలవడ్డడట, మాపటి దాంక. ఆడ ఏమనుకున్నడో చంద్రవ్వకు గూడ చెప్పలే, నేనడగలే...

అగో, మ్యాక వచ్చింది. ఎల్లగొట్టు బిడ్డా, వాకిట్ల మక్కలు ఆరవోసిన.