ముడుల తాడు, వెనకబడ్డ నీడ

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా పరుగుల క్లబ్బు గేటు దగ్గర కాపలా ఉండే నత్తనడక మనిషి, నత్తోడు. "తాతా, నీ మనవరాలు పరిగెడుతుంటే దాని నీడ వెనకబడిపోతోంది" అన్నాడు. వాడు అబద్ధాలాడే రకమే గాని ఆ పూట నిజమే చెప్పాడు. నేనూ వెళ్లి చూశాను. ఇవాళ పొద్దున టీకొట్టు బల్ల మీద కూర్చుని అదే చెప్పాను. కాలేజీ డ్రిల్లు మాస్టారు ఓ పక్కన నించుని టీ ఊదుకుంటున్నాడు. ఆయనకి వినబడాలనే గొంతు పెంచాను. క్లబ్బులో తీసిన టైము చెల్లదని పిల్లని జట్టులోకి తీసుకోని మనిషి ఆయన. జట్టులో చోటు రాకపోతే క్లబ్బు మాన్పించేస్తానని మా అల్లుడు పంతం పట్టి కూర్చున్నాడు. నేను మర్చిపోతానా?

"కాలేజీలో పరిగెత్తితే మామూలు పిల్లే. క్లబ్బులో అడుగుపెట్టిందా, వేరే పిల్ల. ఎందుకంటే అక్కడ గీతలు నావి. ఇన్నేళ్లుగా ఒకటే తాడుతో చుట్టు కొలిచి, దాని వెంబడే సున్నం పోస్తా. తెగితే ముడేశానే తప్ప తాడు మార్చింది లేదు. అదీ నా నిష్ఠ. సరే, ఆవేళ మంచు విడిపోతూ లేత ఎండ దిగుతోంది. పిల్ల కదిలింది. మొదటి మలుపులో నీడ ఒక్క అడుగు వెనక. రెండో మలుపులో అది ఆయాసంతో కూలబడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీడకి టీ ఇప్పించావా?" అంది టీకొట్టు అక్క.

"నవ్వు, నవ్వు. సున్నం గీత నేల వదిలి లేచింది, తెల్లటి రిబ్బనులా. పిల్ల దాని మీద పరిగెడుతోంది, మంచు పైన, చెట్ల కొసల పైన, చప్పుడన్నది లేకుండా. పిట్టలు పక్కకి జరిగి దారిచ్చాయి. గడియారం ముల్లు కూడా నిలబడి చూసింది. పిల్ల మబ్బుల్లో చుట్టు తిరిగి, తను బయల్దేరకముందే గీత దగ్గరికి వచ్చేసింది. ఇంకా బయల్దేరని తనతో తనే 'కాస్త జరుగు' అంది!"

మాస్టారు గ్లాసు దించాడు.

"పెద్దాయనా, తెగినప్పుడల్లా ముడేశానన్నారు. ముడేస్తే తాడు పొడుగవుతుందా, పొట్టిదవుతుందా?"

బల్లంతా గొల్లున నవ్వింది. "అదా సంగతి! చుట్టే పొట్టిదైతే మన క్లబ్బులో నేను కూడా జోరుగానే పరిగెడతాను!" అన్నాడు నత్తోడు. ఆ నవ్వు నేను మరిచేది కాదు.

"మరి పిల్ల సంగతి?" అన్నాను.

"క్లబ్బులో చేరాక ఆ అమ్మాయి కాళ్లకి పొందిక వచ్చింది. అది నాకూ కనిపిస్తోంది. రేపు టేపుతో కొలిచిన గీతల మీద పరిగెట్టమనండి. అక్కడ కూడా మంచి టైము వస్తే జట్టులో ఉంటుంది."

పరిగెడుతుంది. తాడు సంగతి వాళ్లే తేల్చుకోనీ. కాని నేను ముడేసింది తాడుకే, నీడకి కాదు గదా. రేపు ఎండ రాగానే, కళ్లు సరిగా కనబడేవాళ్లు ఎవరైనా మైదానానికి వచ్చి, పిల్లని కాదు, దాని నీడని చూడండి. ఎంత వెనకబడిందో కొలిచి ఆ మాస్టారి చేత పుస్తకంలో రాయించండి. నా కొలత ఆయన ఒప్పుకోడు.